ఫలితము రాకమునుపు
(వార్షిక మహాసభయందు గావించిన ప్రసంగము)



ఆరోగ్యవిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదని మన కార్యదర్శులు మమ్ము గోరిరి. మేము వైద్యులము గాము. ముప్పదిరెండేండ్లు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న బడిపంతులము. వైద్యమును గూర్చి ప్రసంగించుటకు మా కధికారము లేదు. రోగియై మంచమెక్కినవానికి ఆ మంచమును గూర్చి చెప్పు నధికారము మాత్రము గలదు గదా! కావున 2020వ సంవత్సరము శ్రావణమాసమున మా యింట జరిగిన పదిదినముల వృత్తాంతమును మనవి చేసికొందుము. ఇందు మా ప్రతాప మేమియు లేదు. ఒక తప్పు గలదు. దానిని చెప్పుటకే యీ వేదిక నెక్కితిమి.

ఆ దినముల స్థితి మీకు జ్ఞాపకముండియే యుండును. మార్చి 25న విధించిన దిగ్బంధము క్రమముగా సడలినది. రోగము మాత్రము సడలలేదు. ఆంధ్రప్రదేశమున రోగుల సంఖ్య జూలై 27 నాటికి లక్ష దాటినది. 29వ తేదీన ఒక్క దినముననే పదివేలమందికి పైగా రోగమున్నట్లు తేలినది. అందును మా తూర్పుగోదావరి జిల్లా మిగిలిన జిల్లాలకంటె ముందుండెను. టీకా యింకను రాలేదు. అది మన దేశమున 2021 జనవరి 16న గాని ప్రారంభము కాలేదు.

జూలై 25, శనివారము సాయంకాలము యథాప్రకారముగా మా మిత్రుని యింటి యరుగుపై చదరంగ మాడితిమి. ఆయన తపాలాశాఖలో పనిచేసి విశ్రమించినవారు, అప్పటికి ఎనుబదిరెండేండ్లవారు. ఇరువురమును ముఖమునకు గుడ్డ కట్టుకొనియే కూర్చుంటిమి. కాని ఎత్తు తోచనప్పుడు దానిని గడ్డము క్రిందికి దించుకొనుట మా కిరువురకు నలవాటు. ఆనాడు మాకు చాల యెత్తులు తోచలేదు. మరునాటి రాత్రి గొంతు గరగరలాడినది. సోమవారము తెల్లవారుసరికి నూటరెండు డిగ్రీల జ్వరము, ఒడలెల్ల రోకట దంచినట్టి నొప్పులు.

మొట్టమొదట మేము చేసిన పని యేమనగా, దాచుట. వానలో తడిసితిమి, పడిసెమనుకొంటిమి. అట్లని మాకు నమ్మకమేమియు లేదు; వీధివారికి తెలిసినచో వాకిటికి వెదురుకఱ్ఱలు కట్టుదురను భయముండెను. మా యింట పాచిపని చేయు నామె సోమవారము వచ్చినది, మంగళవారమును వచ్చినది. ఒంటిలో నలతగా నున్నదంటిమే గాని జ్వరమను మాట మా నోట రాలేదు. ఆమె మేము త్రాగిన గ్లాసులు తోమినది. మేము పండుకొన్న గది తుడిచినది.

మంగళవారము మధ్యాహ్నము వంటింట చారులో ఇంగువపోపు పడినది. పెరటిగోడ కావలనుండి పొరుగింటి యిల్లాలు "ఈవేళ చారు ఘుమఘుమలాడుచున్నదే" యని మెచ్చుకొనినది. మాకేమియు దెలియలేదు. కాఫీ డికాక్షను గిన్నె ముక్కుకడ బెట్టుకొంటిమి. అగరువత్తి వెలిగించితిమి. మల్లెపూవు నలిపి చూచితిమి. గంధము పృథివికి లక్షణమని తార్కికుల సిద్ధాంతము. ఎన్ని తరగతుల బాలురకు దానిని వల్లె వేయించితిమో లెక్కలేదు. పృథివీద్రవ్యములన్నియు మా యెదుట వరుసగా నిలిచినవి, ఒక్కటియు పలుకలేదు. ఆ క్షణమున మాకు నిజము తెలిసినది. తెలిసినను దానిని ఒప్పుకొనుటకు మఱి రెండుదినములు పట్టినది.

బుధవారము పరీక్షకు బోయితిమి. మేము పాఠము చెప్పిన పాఠశాల యావరణముననే ఆర్.టి.సి. బస్సు నొకదానిని నమూనాలు తీయుటకు నిలిపియుండిరి. అట్టి బస్సులకు సంజీవని యని పేరు. శిరస్సునుండి పాదములవరకు కప్పుకొన్న యొక బాలిక ముక్కులో పుల్ల నుంచి త్రిప్పుచు, "మేష్టారూ, కళ్ళు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టండి" అనెను. మాయొద్ద చదివిన పిల్లయట. కన్నులు దప్ప నేమియు కనబడకుండుటచే పోల్చుకొనలేకపోతిమి. లెక్క పూర్తియగులోపల మా కన్నీరు చెవులదాక వచ్చినది.

రెండు పుల్లలు తీసికొనిరి. ఒకటి అరగంటలో ఫలితము చెప్పు ఆంటిజెను పరీక్షకు. రెండవది గులాబిరంగు ద్రవమున్న గొట్టములో వైచి, మంచుపెట్టెలో ప్రయోగశాలకు బంపు ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షకు. అరగంటకు బిళ్లమీద ఒక్క గీతయే వచ్చినది. రెండు గీతలు వచ్చిన రోగమున్నట్లు. ఒక్కటి వచ్చిన లేనట్లు. డాక్టరుగారు మాత్రము, "దీనిని నమ్మి తిరుగవద్దు. మీకు లక్షణము లున్నవి. రెండవది వచ్చువఱకు ఉన్నదనుకొనియే గదిలో నుండుడు" అని చెప్పిరి. ఒక్క గీతను జూచిన సంతోషములో ఆ మాట మా చెవి కెక్కినది గాని లోపలికి దిగలేదు.

ఇంటికి వచ్చుచునే మిత్రునకు టెలిఫోను చేసి, "జ్వరము వచ్చినమాట నిజమే, పరీక్ష చేయించితిమి, లేదన్నారు" అని చెప్పితిమి. పనిమనిషిని యథాప్రకారము రానిమ్మంటిమి. గురువారము ఉదయము ఆమె వచ్చి మా గది మరల తుడిచినది.

ఇప్పుడు మా సిగ్గునకు గల ప్రత్యేకకారణమును చెప్పవలయును. శాస్త్రమున యోగ్యానుపలబ్ధి యను నొక మాట గలదు. వస్తువు కనబడనంతమాత్రమున లేదని నిశ్చయింపరాదు. ఉన్నచో తప్పక కనబడదగిన స్థితి యుండి, అప్పటికిని కనబడకున్ననే లేదనవలెను. పట్టపగలు గదిలో కుండ కనబడకున్న కుండ లేదు. అమావాస్యరాత్రి దీపములేని గదిలో కనబడకున్నచో, లేనిది కుండయో దీపమో యెవరు చెప్పగలరు? దీనిని మేము ముప్పదిరెండేండ్లు నల్లబల్లమీద కుండబొమ్మ వ్రాసి మఱీ చెప్పితిమి.

ఆ రెండు పరీక్షలకు గల భేద మిదియే. అరగంట పరీక్ష వైరసుయొక్క మాంసకృత్తును ఉన్నదున్నట్లుగా వెదకును. అది విస్తారముగా నున్ననే గీత పడును. 2020 జూన్ 14 నాటి భారతీయ వైద్య పరిశోధనా మండలివారి సూచనలో, పరిశీలించిన యట్టి పరీక్ష రోగులలో నూటికి సుమారు 50 మొదలు 84 మందిని మాత్రమే పట్టగలిగినట్లు వ్రాయబడినది. ఉన్నదన్నచో నమ్మవచ్చును, లేదన్నచో, లక్షణములు గలవానికి రెండవ పరీక్ష తప్పదు. ఆ రెండవ పరీక్ష దీపము వెలిగించి వెదకునట్టిది. వైరసుయొక్క ఆర్.ఎన్.ఏ. లిపిని మొదట డి.ఎన్.ఏ.గా తిరుగవ్రాయుదురు, అట్లు తిరుగవ్రాయు రసద్రవ్యమును 1970లో టెమిన్, బాల్టిమోరు అనువారు వేఱువేఱుగా గనుగొనిరి. పిమ్మట వేడిచేయుచు చల్లార్చుచు దానిని రెట్టింపునకు రెట్టింపు చేయుదురు. ఈ యుపాయము 1983లో కేరీ మల్లిస్ అను నమెరికా శాస్త్రజ్ఞునకు దోచినది. దానికే 1993లో నోబెల్ బహుమానము వచ్చినది. చదరంగపు గళ్ళలో గింజలను రెట్టించిన కథ మీరెఱుగుదురు. ఒక్క గింజ ముప్పదిమార్లు రెట్టింపైన నూటయేడు కోట్లు దాటును. అంత యయినపిదప దానికి దాగుటకు చోటెక్కడ?

మా గృహిణి తర్కము చదువలేదు. గురువారము పదిగంటలకు ఆమె గది గుమ్మము కడ నిలిచి, "ఇంగువ తెలియని ముక్కు ఒకటి చెప్పుచుండగా ఆ బిళ్ల యింకొకటి చెప్పిన నేను దేనిని నమ్మవలెనండీ?" యని యడిగెను. మంగళవారమునుండియే ఆమె మా కంచము వేఱు చేసియుండెను, మేము గమనింపలేదు. వెంటనే వాకిటికి బోయి, పనిమనిషితో ఉన్నదున్నట్లు చెప్పి, నెలజీతము చేతబెట్టి, కబురుచేయువఱకు రావలదని పంపివైచెను. ఆ పని మేము సోమవారము చేయవలసినది.

పిదప గదిలో నిరీక్షణము. మేము అను బహువచనము బడిపంతులకు వృత్తిచే నబ్బునది; ఆ గదిలో మాత్రము ఏకవచనమే. భోజనము పీటమీద పెట్టి ఆమె దూరముగా దొలగును, అప్పుడు మేము తలుపు తెఱతుము. శుక్రవారము వరలక్ష్మీవ్రతము. ఒక్క ముత్తయిదువనైన బిలువక ఆమె ఒంటరిగా పూజచేసికొనినది; తాంబూలములు పుచ్చుకొనువారు లేక శనగలు చాల మిగిలినవి. సోమవారము జంధ్యాలపూర్ణిమ. పురోహితుడు టెలిఫోనులో మంత్రము చెప్పగా మేము కిటికీకడ గూర్చుండి నూతన యజ్ఞోపవీతము ధరించితిమి. నడుమ గంట మ్రోగుట మానినది. ఎంతవఱకు చెప్పితిరని మరల నడిగి, మొదటినుండి చెప్పించుకొంటిమి.

వ్రేలికి తగిలించు నాక్సిమీటరును మా యల్లుడు పంపించెను. ఎఱ్ఱని వెలుగును, కంటికి గనబడని యింకొక వెలుగును వ్రేలిగుండ బంపి, నెత్తుటిలో ప్రాణవాయువెంతయో యది చెప్పును. ఈ కిటుకును 1974లో వెల్లడించిన జపానుదేశీయుడు తకువో అవొయాగి 2020 ఏప్రిల్‌లోనే, అనగా తన యంత్రము లోకమంతటికి గావలసిన నెలలలోనే, కాలముచేసెను. 94కు దిగువకు వచ్చిన 104కు టెలిఫోను చేయుమని డాక్టరుగారి యాజ్ఞ. మేము పంచాంగపు టంచులలో ఆ యంకెలు వ్రాసితిమి: 97, 96, 96, 95. ఆదివారము రాత్రి ఒకమారు 93 వచ్చినది. గుండె ఝల్లుమన్నది. చేయి చల్లగా నున్న తప్పు చూపునని విన్నందున, అరచేతులు రుద్దుకొని మరల బెట్టితిమి, 96. ఆ నడుమ గడచిన రెండు నిమిషములలో, వీలునామాలో వ్రాయని రెండు పొలములును, శనివారపు చదరంగమును గూడ తలపునకు వచ్చినవి.

అప్పుడు తోచినదొకటి చెప్పెదము. దూరమున దాయాదులు గతించినపుడు మనకు మైల వినినది మొదలుగా బట్టును. విననంతకాలము దోషము లేదు. పెద్దలు దయతో బెట్టిన యేర్పాటది. రోగము అట్టిది గాదు. లక్షణములు పొడసూపుటకు రెండుదినముల ముందునుండియే రోగి దానిని పంచిపెట్టగలడని వైద్యులు కనుగొనిరి. మేము వినుటకుముందే, కాగితము వచ్చుటకుముందే, అరుగుమీదను గదిలోను జరుగవలసినది జరిగియుండవచ్చును.

ఆగస్టు 4, మంగళవారము రాత్రి సెల్‌ఫోనునకు వర్తమానము వచ్చినది. మా పేరులో రెండక్షరములు తప్పు, ఫలితములో తప్పులేదు. పాజిటివ్. అప్పటికి మాకు జ్వరము తగ్గి రెండుదినములైనది. మా నిరీక్షణము ముగిసినది. ఇతరుల నిరీక్షణము ఆ రాత్రి మొదలైనది.

మిత్రునకు జెప్పితిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప, "మీరు లేదన్ననాటి రాత్రి మా మునిమనుమరాలిని ఒడిలో బెట్టుకొని యన్నము దినిపించితిని" అనిరి. కోపములేదు, లెక్క చెప్పినట్లు చెప్పిరి. శనివారమునుండి పదునాలుగు దినములు, అనగా 8వ తేదీవఱకు, ఆయన మేడమీది గదిలో నొంటరిగా గూర్చుండిరి. ఆయనకు గాని బిడ్డకు గాని యేమియు గాలేదు.

పనిమనిషి యింట నట్లు జరుగలేదు. ఆమెకు 2వ తేదీననే జ్వరము వచ్చియుండెను. ఆమె పదిదినములలో తేఱుకొనినది. అత్తగారు, డెబ్బది దాటిన ముసలిది, ప్రభుత్వాస్పత్రిలో పదునొకండు దినములు ప్రాణవాయువుపై నుండి ఇల్లు చేరినది; మునుపటివలె నడువలేదు. ఇది మా యింటినుండియే పోయినదా? చెప్పలేము. ఆమె పనిచేయు నింకొక యింటను రోగమున్నట్లు తరువాత దెలిసినది. మా బంధువులు కొందఱు ఈ సంగతిని మాకు ఓదార్పుగా జెప్పిరి. సంశయమను పదార్థమును ఒకమారు మా పక్షమున వాడుకొని చెడితిమి; రెండవమారు వాడుకొనదలపలేదు.

ఆమె మమ్ము నిందించలేదు. టెలిఫోనులో అన్నదింతే: "జొరమని సెప్తే నేనే మానేద్దును కదండీ మేష్టారూ. ఇంట్లో మా అత్త ముసల్ది ఉందండీ." ఆమె పనిచేయు మిగిలిన మూడిండ్లవారు దసరావఱకు ఆమెను గడప త్రొక్కనీయలేదు. ఆ యిండ్ల జీతము గూడ మా గృహిణి నెలనెల పంపినది. అది ఋణము తీర్చుట యని మేమనము. ముసలిదాని కాళ్ళకు వెలకట్టుట మాకు రాదు.

ఇంగువ వాసన మాకు కార్తికమాసమున మరల వచ్చినది; మొదట నెలదినములు కాలిన రబ్బరువలె నుండెను. పనిమనిషి దసరా వెళ్ళినపిదప మా యింటికి మరల వచ్చినది. ఆనాటినుండి నేటివఱకు ఆమె గడప దాటకముందు చెప్పులు విడుచుచు, "ఇంట్లో అందరికీ బాగానే ఉందాండీ?" యని యడుగును. మేము అడిగినదానికి ఉన్నదున్నట్లు చెప్పుచున్నాము. గడచిన భాద్రపదమున మాకు పడిసెము పట్టి కొంచెము ఒడలు వెచ్చబడినది, చెప్పితిమి. ఆమె గడపకావలినుండియే తిరిగి యింటికి బోయినది. మూడుదినములు అంట్లు మేమే తోమితిమి. ఇత్తడిచెంబు మాత్రము మాకు తెల్లబడలేదు.