ఐక్యరాజ్యసమితి మీద కేసు వేస్తే? హైతీలో ఏం జరిగింది

2010 జనవరిలో హైతీలో వచ్చిన భూకంపం చాలామందికి తెలుసు. అదే ఏడాది అక్టోబర్‌లో అక్కడ కలరా మొదలైంది. అంతకుముందు కనీసం వందేళ్లుగా ఆ దేశంలో కలరా వచ్చిన దాఖలా లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

మిరెబలే ఊరి దగ్గర ఐక్యరాజ్యసమితి శాంతి దళం క్యాంపు ఉండేది. నేపాల్ సైనికులది. ఆ క్యాంపు మురుగు పక్క వాగులోకి, అక్కడి నుంచి ఆర్టిబొనీట్ నదిలోకి చేరిందని పరిశోధనలు తేల్చాయి. జనం తాగేది ఆ నీళ్లే. దాదాపు 10 వేల మంది చనిపోయారు.

2011లో 5 వేల మంది బాధితుల తరఫున లాయర్లు సమితికే అర్జీ పెట్టారు. 2013లో జవాబొచ్చింది: ఇది స్వీకరించదగినది కాదు. సరే అని న్యూయార్క్ కోర్టుకెళ్లారు. అప్పటి సెక్రటరీ జనరల్ బాన్ కీ మూన్‌ని, హైతీ మిషన్ హెడ్‌గా చేసిన ఎడ్మండ్ ములెట్‌ని కూడా ప్రతివాదులుగా చేర్చారు. 2015లో కేసు కొట్టేశారు, 2016లో అప్పీలూ పోయింది. తప్పెవరిదన్న ప్రశ్న దాకా కోర్టు వెళ్లనే లేదు. 1946 ఒప్పందం కింద సమితికీ, అధికారులకూ ఇమ్యూనిటీ ఉంది, కేసు నడవదు. అంతే.

అయితే ఇమ్యూనిటీ తీసేయాలా? నేనైతే అనను. మలేషియాలో పరం కుమారస్వామి అని, జడ్జీల స్వతంత్రత మీద సమితి నియమించిన ప్రతినిధి. ఒక ఇంటర్వ్యూలో అక్కడి కోర్టుల గురించి మాట్లాడినందుకు కంపెనీలు ఆయన మీద పరువునష్టం దావాలు వేశాయి. 1999లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆయనకు రక్షణ ఉందని చెప్పింది. లేకపోతే రేపు ఎవరు నోరు విప్పుతారు?

కానీ అదే 1946 ఒప్పందంలో సెక్షన్ 29 ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కోర్టు దారి మూసినప్పుడు, నష్టపోయినవాళ్లకు వేరే పరిష్కార మార్గం సమితే ఏర్పాటు చేయాలి. హైతీతో 2004లో చేసుకున్న ఒప్పందంలో క్లెయిమ్స్ కమిషన్ వేస్తామని రాసుకున్నారు కూడా. వేయలేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అడ్మిన్ యాక్సెస్ ఇచ్చేశారు, కంప్లయింట్ బటన్ మాత్రం పెట్టలేదు.

2016 డిసెంబర్‌లో బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పారు. 40 కోట్ల డాలర్ల ప్లాన్ అన్నారు. అది దేశాలు ఇష్టపడి ఇచ్చే చందా మీద ఆధారపడింది, వచ్చింది కొంచెమే. కలరాను తెచ్చింది మా దళమే అన్న మాట ఆ క్షమాపణలో లేదు.