కణితిలోని లెక్క

రాచపుండు పేరెత్తుటకే మనవారు జంకుదురు. నేడు నేను దానిని చెరువులెక్కతో చెప్పెదను. సికింద్రాబాదు చెంత యాప్రాల్ పొరుగుననున్న కాప్రా చెరువునే తలచుకొనుడు. నీటిమట్టము మారకున్నచో, వచ్చు నీరును పోవు నీరును సమానమే గదా!

శరీరమందలి కణమునకును ఇదే లెక్క. చక్కెర లోనికి వచ్చును, శక్తి పుట్టును, మిగిలినది వెలుపలికి పోవును. కణితి పెరుగుచుండగా మట్టము నిలుచునా యని మీరడుగవచ్చును. ఆ పెరుగుదలను గూడ ఒక పోవుకాలువగానే లెక్కింతురు.

1920వ సంవత్సరము తరువాత జర్మనీలో ఆటో వార్‌బర్గ్ పండితుడు, ప్రాణవాయువు లభించుచున్నను కణితి చక్కెరను మిక్కుటముగా లాగికొని లాక్టికామ్లముగా మార్చునని కనుగొనెను. ఇట్టి జీవక్రియపై దెబ్బతీయు తొలిమందులలో నొకటి మన తెలుగువారి మూలముననే వచ్చినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధకులకు నాయకులై, ఫోలికామ్లమునకు విరోధియైన అమినోప్టెరిన్‌ను తయారుచేయించిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బరు వైద్యుడు దానిని రక్తపు కేన్సరుగల 16 మంది బిడ్డలకిచ్చి, 10 మందికి నెమ్మదించెనని 1948లో ప్రకటించెను. కాని ఆ నెమ్మది నిలువలేదు.

ఏల నిలువలేదు? ఒక కారణము, కణములన్నియు ఒక్కతీరున నుండకపోవుట. పూర్వము కణితిముక్కను నూరి సగటు చూచెడివారు. ఊరి పంటనంతయు ఒక్క కుప్పగా పోసిన, ఎండిన చేనెవరిదో తెలియునా? 2009 మొదలు ఒక్కొక్క కణములో ఏ జన్యువు ఎంత పనిచేయుచున్నదో ఆర్.ఎన్.ఏ.నుబట్టి చదువు విధానము వచ్చినది. 2019లో ప్రకటితమైన పరిశోధనయొకటి చర్మపు, తల, మెడ కేన్సరుల కణములనిట్లు చూడగా, జీవక్రియలో వాని భేదము ముఖ్యముగా మైటోకాండ్రియాలలో, అనగా ప్రాణవాయువుతో శక్తి పుట్టించు భాగములలో, అగపడినది.

అయితే జన్యువు పనిచేయుట తూము తెరచుట వంటిది. తూము తెరచిరని తెలిసినంతమాత్రమున ఎంత నీరు పారినదో తెలియదు. కనుక గణకయంత్రము వేలకొలది రసాయనచర్యలను కాలువలుగా భావించి, తూముల వెడల్పును హద్దుగా పెట్టి, రాకపోకలను సరితూచి, ఏ కాలువలో ఎంత పారియుండునో అంచనా కట్టును. పిమ్మట ఒక కాలువను లెక్కలో మూసి, ఏ కణము ఎండునో, ఏది ప్రక్కకాలువ వెదకికొనునో చూడవచ్చును. నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది ఇదియే.

కాని ఇది అంచనాయే, కొలత గాదు. ఒక్క కణములోని ఆర్.ఎన్.ఏ. అత్యల్పము, ఉన్నదియు పెక్కుమార్లు కంటబడక సున్నగా నమోదగును.

ఇంకొక మాట. కణితి చక్కెర తినునని విని, రోగికి అన్నమే మాన్పించువారు కలరు. కాలేయము రక్తములో చక్కెరను తానే నిలుపుచుండును. అన్నము మాన్పిన కణితి ఎండదు. రోగి చిక్కిపోవును, చికిత్సకు తాళలేకపోవును. ఏమి పెట్టవలెనో వైద్యునే అడుగుడు.