కాలి ఆపరేషన్: నొప్పిని ఓర్చుకోనక్కర లేదు
(నార్కట్‌పల్లి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైన నన్ను మనవాళ్ళు తరచు అడిగేవి రెండే ప్రశ్నలు. "నడుములో సూది వేస్తే జన్మంతా నడుము నొప్పేనట గదా?", "మత్తు దిగినంక నొప్పికి ఎట్ల తట్టుకోవాలె?"

జర్మనీలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ 1898లో మొదటిసారి ఈ పద్ధతిలో ఆపరేషన్ చేసింది కాలి చీలమండకే. సూదిని వెన్నుపాము ముగిసిన చోటుకు కిందనే వేస్తారు. సూది చోట కొద్ది రోజులు నొప్పి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నడుము నొప్పికి అది కారణమని రుజువు కాలేదు. అయితే మన నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళతో వెన్ను బిగుసుకుపోయినవారు ఉన్నారు. వారికి సూది దారి దొరకడం కష్టం. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇక రెండో ప్రశ్న. మామూలుగా వాడే బుపివకైన్ మందు ప్రభావం రెండు మూడు గంటలే. అందుకే అందులో అతి స్వల్పంగా మరో మందు కలుపుతారు. ఫెంటనిల్ కలిపితే మరికొన్ని గంటలు, మార్ఫిన్ కలిపితే దాదాపు ఒక రోజు ఉపశమనం ఉంటుంది. క్లోనిడిన్, డెక్స్‌మెడిటోమిడిన్ కూడా వాడుతారు. వీటితో బీపీ, నాడి తగ్గవచ్చు. మార్ఫిన్‌తో దురద, వాంతి, మూత్రం బిగియడం, అరుదుగా శ్వాస మందగించడం ఉండవచ్చు. కనుక రాత్రంతా కనిపెట్టి ఉండాలి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కాలి నరానికి మాత్రమే మందిచ్చే పద్ధతీ ఉంది. ఒకప్పుడు పెద్ద వైద్యమంటే హైదరాబాదు పోవలసిందే. 1999లో ఇక్కడే కామినేని వైద్య కళాశాల వచ్చింది.

"ఇంత వయసొచ్చి నొప్పని ఏడుస్తామా?" అని కొందరు పళ్ళు బిగబట్టి పడుకుంటారు. అది ధైర్యం కాదు, నష్టం. నొప్పికి భయపడి కదలకపోతే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు, ఊపిరితిత్తులకు నెమ్ము చేరవచ్చు. మార్చిన మోకాలు వంగకుండా బిగుసుకుంటుంది.

అందుచేత నా మనవి: రక్తం పలుచన చేసే మాత్రలు, బీపీ మాత్రలు, కిడ్నీ, ప్రోస్టేట్ జబ్బుల సంగతి ముందే చెప్పండి. ఏ మాత్రనూ సొంతంగా ఆపవద్దు. మత్తు పూర్తిగా దిగకముందే నొప్పి మందు అడగండి. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంతో అంకె చెప్పండి. రోగి లేపినా లేవనంత మగతగా ఉంటే, పక్కనున్న పిల్లలు వెంటనే నర్సమ్మను పిలవాలి. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వేయవద్దు. వాటిలో చాలా వరకు కిడ్నీకి చేటు.