‘ఏ’తో మొదలయ్యే కోర్టు మాటలు

(విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మీరంతా ఇక్కడికి బందరు రోడ్డు మీదుగానే వచ్చారు. ఆ బందరులోనే 1611లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళతో వచ్చిన ఇంగ్లీషు తర్వాత మన కోర్టుల్లో తిష్ఠ వేసింది. పొలం తగాదా వచ్చినా, కాపురం చెడినా ఆ మాటలే మన మీదికొస్తాయి. వాటిలో ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే ఐదింటిని ఈ పూట విప్పి చూద్దాం.

మొదటిది అఫిడవిట్. ‘ప్రమాణం చేసి చెప్పెను’ అని దీనికి లాటిన్‌లో అర్థం. ఒక చెల్లెలు అలాంటి కాగితం మీద వేలిముద్ర వేసి నా దగ్గరకొచ్చింది. “ఏదో కాగితమన్నారక్కా, వేశాను” అంది. చదివితే, తనకు రావలసినవన్నీ ముట్టాయనీ, ఇకపై ఏమీ అడగననీ ఉంది. ఆమె అనని మాట ఆమె ప్రమాణమై కూర్చుంది! చదివించుకోకుండా వేలు పెట్టవద్దని ఊరూరా చెప్పండి.

రెండోది అడ్వకేట్. ‘సాయానికి పిలిచిన మనిషి’ అని అర్థం. పిలిచింది మనమే. కాబట్టి కేసు సంగతి అడగడానికి జంకనక్కరలేదు. ఫీజు ఇవ్వలేమని ఆగనూ అక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఆదాయం ఎంతయినా సరే, స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది.

మూడోది అరెస్టు. పాత ఫ్రెంచిలో దీనికి ‘ఆపడం’ అని అర్థం. ఆపడమే గాని తిట్టడం, కొట్టడం అందులో లేవు. పొద్దుగుంకిన తర్వాత, తెల్లవారక ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా పోలీసు అధికారే చేయాలి.

నాలుగోది అప్పీలు. లాటిన్‌లో ‘పిలవడం, మొరపెట్టుకోవడం’. కింది కోర్టు కాదంటే దారి మూసుకుపోదు. 2005 నాటి గృహహింస చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు మీద, అది అందిన 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు వెళ్ళవచ్చు. గడువు మాత్రం దాటనివ్వకండి.

ఐదోది అలిమొని, మన భరణం. ‘పోషించడం’ అనే లాటిన్ మాట నుంచి పుట్టింది. ఇంగ్లీషులో బిచ్చాన్ని ‘ఆమ్స్’ అంటారు. అదీ ‘ఏ’తోనే మొదలవుతుంది గాని, ‘జాలి’ అనే గ్రీకు మాట దాని మూలం. రెంటికీ చుట్టరికం లేదు. మన భాషలోనూ అంతే. భర్త, భార్య, భరణం మూడింటికీ ‘భరించు’ అనే ధాతువే మూలం. అయినా 2001 వరకు 125వ సెక్షన్ కింద భరణం నెలకు 500 రూపాయలు దాటకూడదన్న పరిమితి ఉండేది. దాన్ని ఆ ఏడాది తీసేశారు. 2024 జులై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో కొత్త చట్టంలోని 144వ సెక్షన్ వచ్చింది. నంబరు మారింది గాని హక్కు పోలేదు.

అంచేత భరణం అడిగే చెల్లెలు చెయ్యి చాచడం లేదు. తనకు రావలసింది అడుగుతోంది. ఈ సంగతి ముందు మనకు అర్థమైతేనే ఆమెకు చెప్పగలం. మీ ఊళ్ళో ఎవరికి కోర్టు కాగితం వచ్చినా, అందులో తెలియని మాటలు రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. ‘బి’తో మొదలుపెడదాం.