ఇంటరప్టును ఎవరు అందుకోవాలి?



మా గురువుగారు మైక్రోప్రాసెసర్ పాఠాన్ని ఎప్పుడూ ఇంటరప్టుతోనే మొదలుపెట్టేవారు. అందుకే ఆయన పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి అదే విషయం తీసుకున్నాను. డ్రైవర్‌ను కెర్నల్ బయట మామూలు ప్రోగ్రాముగా రాస్తే, హార్డ్‌వేర్ ఇంటరప్టును ఎవరు అందుకోవాలి?

బయట రాయాలన్న కోరిక సబబైనదే. కెర్నల్లో ఒక్క తప్పు పాయింటర్ యంత్రం మొత్తాన్ని పడగొట్టగలదు. బయటైతే చాలాసార్లు ఆ ప్రోగ్రాము ఒక్కటే పోతుంది. యోఖెన్ లీట్కే తన ఎల్4 మైక్రోకెర్నల్లో ఇంటరప్టును సందేశంగా మార్చి డ్రైవర్‌కు అందించారు. టానెన్‌బామ్ మినిక్స్ 3దీ అదే దారి. లినక్స్‌లోకి 2007లో, 2.6.23తో, థామస్ గ్లైక్స్‌నర్, హాన్స్ కోఖ్ ప్రభృతుల యూఐఓ, అంటే డ్రైవర్‌ను కెర్నల్ బయట, యూజర్ స్పేస్‌లో రాయనిచ్చే ఏర్పాటు, వచ్చింది.

యూఐఓలో ప్రోగ్రాము పరికరం ఫైలు తెరిచి నాలుగు బైట్లు చదవబోతుంది. ఇంటరప్టు వచ్చేదాకా ఆ రీడ్ అక్కడే ఆగుతుంది. వచ్చాక చేతికందేది అప్పటిదాకా వచ్చిన ఇంటరప్టుల లెక్క. కిందటిసారి 41, ఇప్పుడు 44 అయితే, మధ్యలో రెండు మన కంటపడలేదన్నమాట. ఇంత చిన్న ఏర్పాటులో ఇంత నిజాయితీ ఉండడం నాకెంతో ఇష్టం.

అసలు చిక్కు రీడ్ కంటే ముందే ఉంది. లెవెల్ ట్రిగర్డ్ ఇంటరప్టు, కాలింగ్ బెల్ మీంచి వేలు తీయని మనిషి లాంటిది. పరికరం రిజిస్టర్లో దాన్ని క్లియర్ చేసేదాకా సిగ్నల్ అలాగే ఉంటుంది. క్లియర్ చేయాల్సిన ప్రోగ్రామేమో యూజర్ స్పేస్‌లో తన వంతు కోసం కూర్చుంది. కెర్నల్ హ్యాండ్లర్ ముగిసీ ముగియగానే అదే ఇంటరప్టు మళ్లీ పడుతుంది. ఒకే కోర్ ఉన్న బోర్డులో ఆ వంతు ఇక రాదు. లక్ష ఇంటరప్టుల్లో 99,900కు మించి ఎవరూ పట్టించుకోకపోతే లినక్స్ ‘నోబడీ కేర్డ్’ అని లాగ్‌లో రాసి ఆ ఇంటరప్టు లైనునే మూసేస్తుంది. హ్యాండ్లర్ ఏమీ చేయకుండానే ‘నేను చూసుకున్నాను’ అని జవాబిస్తే ఆ కాపలా కూడా పనిచేయదు.

అందుకే, డ్రైవర్‌ను ఎంత బయటికి తెచ్చినా, ఇంటరప్టును తక్షణం ఆపే ఆ నాలుగు వాక్యాలు కెర్నల్లోనే ఉండాలి. జెన్ఐఆర్‌క్యూ అనే యూఐఓ డ్రైవర్ లైనునే ఆపేస్తుంది. పని ముగిశాక మన ప్రోగ్రాము అదే ఫైలులో 1 రాసి తెరిపించాలి. ముందు పరికరం స్టేటస్ క్లియర్ చేయాలి, ఆ తరవాతే 1 రాయాలి. తిరగేస్తే పాత ఇంటరప్టే మళ్లీ వచ్చి పడుతుంది. ఆ లైనును మరో పరికరం కూడా వాడుకుంటుంటే ఈ పద్ధతి కుదరదు, దాని పిలుపూ ఆగిపోతుంది. పీసీఐ 2.3 పరికరాల్లో ఆపే బిట్ పరికరంలోనే ఉంది గనక ఆ ఇబ్బంది లేదు. 2012లో లినక్స్‌లోకి వచ్చిన మరో ఏర్పాటు వీఎఫ్ఐఓ, ఇంటరప్టులను ఈవెంట్ఎఫ్‌డీ ద్వారా అందిస్తూ, పరికరం నేరుగా మెమరీని చదివి రాసే డీఎంఏ దారి తప్పకుండా ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్‌ను కాపలా పెట్టింది. యూఐఓ అలాంటి రక్షణ ఇవ్వదు. డీఎంఏ చేసే పరికరానికి నేను వీఎఫ్ఐఓనే ఎంచుకుంటాను.

డీపీడీకే అనే నెట్‌వర్క్ ప్యాకెట్ల లైబ్రరీ వాళ్లు ఇంటరప్టే వద్దని ఒక కోర్‌ను పూర్తిగా, పరికరాన్ని పదేపదే అడుగుతూ ఉండే పోలింగ్‌కు అప్పగించారు. కోట్ల ప్యాకెట్లు వచ్చిపడే నెట్‌వర్క్ కార్డుకు అది సరే. నిమిషానికోసారి పలికే సెన్సర్ కోసం కోర్‌ను నూరు శాతం తిప్పడం కరెంటు దండగ.

విద్యార్థులకు ఒక విన్నపం. లినక్స్ సోర్సులో ఆ జెన్ఐఆర్‌క్యూ డ్రైవర్ కొన్ని వందల లైన్లే. ఈ వారమే చదవండి. లైనును ఎక్కడ ఆపిందో, ఎక్కడ తిరిగి తెరిచిందో వేలుపెట్టి చూపగలిగాకే మీ మొదటి డ్రైవర్ మొదలుపెట్టండి.