మౌనం అర్ధాంగీకారం కాదు: కుకీల గురించి కొన్ని మాటలు

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల మీద జరుగుతున్న తరగతుల్లో కుకీల గురించి గంటసేపు ఎందుకని మీలో కొందరు పొద్దున్నే అడిగారు. గృహహింస, ఆస్తి హక్కు, పనిస్థలంలో వేధింపులు, ఇన్ని వుండగా ఈ కంప్యూటరు గొడవ మనకెందుకన్నది న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఈ రోజుల్లో సాయం కోరే స్త్రీ చాలాసార్లు ముందుగా మన ఆఫీసు మెట్లెక్కడం లేదు, ఫోనులో వెతుకుతోంది. ఆమె మనతో ఒక్క మాట కూడా చెప్పకముందే ఆమె వచ్చిందన్న సంగతి ప్రకటనల కంపెనీలకు చేరిపోయే ఏర్పాటు వుంది. ఆ చేరవేసే పని కొన్నిచోట్ల మన సంస్థల వెబ్‌సైట్లే చేస్తున్నాయి. అందుకే ఇది మన విషయం.

ముందు కుకీ అంటే ఏమిటో చూద్దాం. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. వెబ్‌సైటుకి పుట్టుకతోనే మతిమరుపు. ఒక పేజీ అడిగితే ఇస్తుంది, రెండో పేజీ అడిగేసరికి ఇందాక అడిగింది కూడా మీరేనని దానికి తెలియదు. గుడి ముందు చెప్పుల స్టాండు గుర్తు తెచ్చుకోండి. స్టాండు దగ్గర కూర్చున్నతను వందలమంది మొహాలు గుర్తుపెట్టుకోలేడు కాబట్టి చేతిలో ఒక టోకెను పెడతాడు. కుకీ అలాంటి టోకెనే. సైటు పంపిన చిన్న అక్షరాల ముక్కను బ్రౌజరు, అంటే మనం వాడే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ లాంటిది, మీ ఫోనులో దాచిపెడుతుంది. మీరు మళ్ళీ ఆ సైటుకి వెళ్ళిన ప్రతిసారీ తీసి చూపిస్తుంది. మామూలుగా నాలుగు వేల అక్షరాలకు మించదు. అది వైరస్ కాదు, మీ ఫొటోలు తెరిచి చూడదు. చాలాసార్లు అందులో వుండేది ఒక పొడుగాటి నంబరు మాత్రమే. ఆ నంబరు ఎదురుగా ఏం రాసుకున్నారన్నది స్టాండువాడి పుస్తకంలో వుంటుంది, మీ చేతిలో వుండదు.

1994లో అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీలో లూ మోంటుల్లీ అనే యువ ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. ఇంటర్నెట్ దుకాణంలో బుట్టలో వేసుకున్న సరుకులు పేజీ మారేసరికి మాయం కాకుండా చూడటం లాంటి అవసరాల కోసం పుట్టింది. అవసరం మంచిదే. కానీ వాడేవాళ్ళకి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాసేదాకా మామూలు జనానికి దీని సంగతి పెద్దగా తెలియదు.

అసలు చిక్కు ఇక్కడినుంచి మొదలవుతుంది. మీరు తెరిచిన పేజీలో అన్నీ ఆ సైటువే వుండవు. ప్రకటన ఒక కంపెనీ నుంచి వస్తుంది, వీడియో ఇంకో కంపెనీ నుంచి, లైక్ బటన్ మరో కంపెనీ నుంచి. కంటికి కనబడనంత చిన్న చుక్క, పిక్సెల్ అంటారు, ఇంకెక్కడినుంచో వస్తుంది. వీటిలో ప్రతి ఒక్కటీ తన టోకెను తాను మీ ఫోనులో పెట్టగలదు. వీటినే థర్డ్ పార్టీ కుకీలు అంటున్నారు, మనం బయటివాళ్ళ కుకీలు అందాం. ఇప్పుడు ఆ చెప్పుల స్టాండు కాంట్రాక్టరు ఒక్క గుడి ముందే కాకుండా ఆసుపత్రి ముందు, కోర్టు ముందు, బట్టల కొట్టు ముందు, మన సంస్థ ఆఫీసు ముందు కూడా కూర్చున్నాడనుకోండి. అన్నిచోట్లా అదే టోకెను చూపించమంటాడు. మీ పేరు అతనికి తెలియక్కర్లేదు. ఈ నంబరు మనిషి సోమవారం స్త్రీల వైద్యురాలి దగ్గరికి వెళ్ళింది, బుధవారం మనోవర్తి గురించి చదివింది, శుక్రవారం అద్దె ఇళ్ళు వెతికింది అని రాసుకుంటే చాలు. కథ అర్థమైపోతుంది.

ఇలా జరుగుతుందని ముందే ఊహించినవాళ్ళు లేకపోలేదు. 1997లో కుకీల మీద వచ్చిన మొదటి సాంకేతిక ప్రమాణ పత్రం, బయటివాళ్ళ కుకీలను బ్రౌజర్లు మామూలుగా ఒప్పుకోకూడదని చెప్పింది. బ్రౌజరు కంపెనీలు దాన్ని పట్టించుకోలేదు. అప్పటికే ప్రకటనల వ్యాపారం ఆ కుకీల మీద కాళ్ళూనుకుంది. ఆ వ్యాపారంలో ముందున్న డబుల్‌క్లిక్ కంపెనీ 2008లో గూగుల్ చేతికి వచ్చింది.

దీనివల్ల స్త్రీలకు ప్రత్యేకంగా ఏమిటి నష్టమంటే ఒక ఉదాహరణ చెబుతాను. 2022 జూన్‌లో అమెరికాలో ద మార్కప్ అనే పరిశోధనా వార్తాసంస్థ అక్కడి 100 పేరున్న ఆసుపత్రుల వెబ్‌సైట్లు పరీక్షించింది. 33 సైట్లలో ఫేస్‌బుక్ యజమాని మెటా కంపెనీ వారి పిక్సెల్ దొరికింది. డాక్టరు అపాయింట్‌మెంటు కోసం బటన్ నొక్కిన క్షణంలోనే సమాచారం ఫేస్‌బుక్‌కు వెళుతోంది. ఒక ఆసుపత్రి సైటులో అయితే డాక్టరు పేరుతోపాటు, ఆమెను వెతకడానికి టైపు చేసిన "గర్భస్రావం" అన్న మాట కూడా వెళ్ళింది. అదే నెల 24న అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుకు అండగా వున్న రో తీర్పును కొట్టివేసింది. ఎంతోమంది స్త్రీలకు వైద్యం కోసం వెతికిన వెతుకులాటే నేరానికి ఆనవాలుగా మారవచ్చన్న భయం పట్టుకుంది. ఆసుపత్రివాళ్ళు ఆ చుక్కను దురుద్దేశంతో పెట్టి వుండరు. ప్రచారం ఎంతమందికి చేరిందో లెక్క చూసుకోవడానికి పెట్టి వుంటారు. మన సంస్థలూ సరిగ్గా ఆ కారణంతోనే పెడుతున్నాయి.

మన దగ్గర దీనికి ఇంకో పార్శ్వం వుంది. చాలా ఇళ్ళలో ఫోను స్త్రీ సొంతం కాదు. భర్తది, కొడుకుది, లేదా అందరిదీ. కుకీ గుర్తుపెట్టుకునేది మనిషిని కాదు, ఆ ఫోనులోని బ్రౌజరుని. మధ్యాహ్నం ఆమె గర్భనిరోధక సాధనాల గురించి చదివితే రాత్రి అదే ఫోనులో ఆయన క్రికెట్ స్కోరు చూస్తుంటే పక్కన ఆ ప్రకటన వస్తుంది. "నేను ఒక్కసారే చూశానండీ, ఇంట్లో ఎలా తెలిసింది?" అని నన్ను అడిగిన స్త్రీలున్నారు. వేరే ఫోనులో చూసినా, ఇద్దరూ ఒకే గూగుల్ అకౌంటు వాడుతుంటే ఇలా జరగవచ్చు. లాగిన్ సంగతి కూడా అంతే. మీసేవలోనో, నెట్ సెంటర్లోనో, మన ఆఫీసు కంప్యూటర్లోనో మెయిలు చూసుకుని కిటికీ మూసేస్తే సరిపోదు. మిమ్మల్ని లోపలికి పంపిన టోకెను అక్కడే వుండిపోతుంది. తర్వాత కూర్చున్నవాళ్ళు పాస్‌వర్డ్ లేకుండానే మీ మెయిల్లోకి వెళతారు. లాగౌట్ నొక్కి తీరాలి.

ఇక అంగీకారం గురించి. సైటు తెరవగానే కింద ఒక పట్టీ వస్తుంది. "అన్నీ అంగీకరిస్తున్నాను" అన్న బటన్ పెద్దగా, రంగుల్లో. వద్దనడానికి దారి ఎక్కడో చిన్న అక్షరాల్లో, మూడు పేజీలు దాటాక. మౌనం అర్ధాంగీకారమని మనవాళ్ళ సామెత. ఆ సామెత స్త్రీల మీద ఎంత ఘోరాలకు వాడబడిందో మనకు తెలుసు. 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు ఆమె ఎదిరించిన గుర్తులు లేవన్న తర్కంతో పోలీసులను వదిలేసినప్పుడు, లొంగిపోవడం అంగీకారం కాదని దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. ఆ హింసనూ ఈ బటన్‌నూ ఒకే తక్కెడలో వేయడం లేదు. కానీ అంగీకారం అనే మాటకు అర్థం ఏమిటో దశాబ్దాలుగా కొట్లాడి నేర్చుకున్న ఉద్యమం మనది. వద్దనే వీలు లేనిచోట అవునన్న మాటకు విలువ లేదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

యూరపు కోర్టులు ఆ దారికే వచ్చాయి. ముందుగానే టిక్కు పెట్టి వుంచిన గడిని అంగీకారంగా లెక్కించకూడదని 2019 అక్టోబరు 1న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఒప్పుకోవడం ఎంత తేలికో వద్దనడమూ అంత తేలికగా వుండాలంటూ 2022 జనవరిలో ఫ్రాన్సు సమాచార రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దానిలో కుకీ అనే మాటే లేదు. కానీ అంగీకారం స్వేచ్ఛగా, స్పష్టంగా, తెలిసి ఇచ్చినదై వుండాలని, ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే వీలుండాలని వుంది. నోటీసు తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు కల్పించాలని వుంది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలను వెంటాడే ప్రకటనలు కూడదని వుంది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. తెలుగులో నోటీసు అడిగే హక్కును మనం గట్టిగా వాడుకోవాలి. అయితే ఈ చట్టాన్ని చూసి మురిసిపోవడానికీ లేదు. నష్టపోయిన మనిషికి పరిహారం ఇందులో లేదు, జరిమానా ప్రభుత్వానికి పోతుంది. పైగా ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చి, అధికారుల వివరాలు అడిగే మన దారిని ఇరుకు చేసింది. కంపెనీ దగ్గర మన గోప్యత సంగతెలా వున్నా అధికారి గోప్యత మాత్రం భద్రం!

సరే, చేతిలో వున్న ఫోనులో ఏం చేయవచ్చు? క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళితే, సైట్ సెట్టింగ్స్ కిందనో ప్రైవసీ కిందనో "థర్డ్ పార్టీ కుకీస్" అని వుంటుంది. అక్కడ బ్లాక్ చేయండి. దీనివల్ల మామూలు పనులు దాదాపు ఏవీ ఆగవు. ఎక్కడైనా ఒక సైటు మొరాయిస్తే దానికొక్కదానికి అనుమతి ఇవ్వవచ్చు. సఫారీ 2020 నుంచి వీటిని తనంతట తానే ఆపుతోంది. ఫైర్‌ఫాక్స్ 2019 నుంచి వెంటాడే కుకీలను ఆపుతోంది, 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే బంధిస్తోంది. గూగుల్ మాత్రం రెండేళ్ళలో తీసేస్తామని 2020లో చెప్పి, వాయిదాలు వేసి, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలో బ్రౌజరు వుంటే ఇంకేమవుతుంది?

పాత కుకీలు తుడిచేయాలంటే "డిలీట్ బ్రౌజింగ్ డేటా"లో "కుకీస్ అండ్ సైట్ డేటా" దగ్గర టిక్కు పెట్టాలి. ఒక హెచ్చరిక. అలా తుడిస్తే చాలా సైట్లలో లాగౌట్ అయిపోతుంది. ఫోను తనిఖీ చేసే భర్త వున్నచోట, అన్నీ ఒక్కసారిగా ఖాళీ అవడమే అనుమానానికి కారణమవుతుంది. చూసిన పేజీల జాబితా, అంటే హిస్టరీ, వేరు, కుకీ వేరు. ఒకటి తుడిస్తే రెండోది పోదు. అలాంటి స్త్రీకి అంతా తుడిచేయమని సలహా ఇవ్వకండి. ఇన్‌కాగ్నిటో కిటికీలో చూసి, అయ్యాక ఆ కిటికీలన్నీ మూసేయమనండి. కుకీలు, హిస్టరీ రెండూ దానితో పోతాయి. కానీ ఫోనులో నిఘా యాప్ పెట్టి వుంటే ఇన్‌కాగ్నిటో కాపాడదు. అప్పుడు నమ్మకమైన స్నేహితురాలి ఫోనే మేలు, లేదా ఆ ఫోను నుంచే 181కి ఫోను చేయడం మేలు. యాప్‌లలో కుకీకి బదులు ప్రకటనల ఐడీ అని వుంటుంది. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో గూగుల్, ఆ కింద యాడ్స్‌లో దాన్ని తొలగించవచ్చు.

ఇవన్నీ చేసినా వెంటాడటం పూర్తిగా ఆగదు. బయటివాళ్ళ కుకీని ఆపితే, అదే పిక్సెల్ ఆతిథ్యమిచ్చిన సైటు పేరుతోనే కుకీ పెట్టించుకుంటుంది. మూయాల్సింది సైటువాళ్ళే. జాగ్రత్తగా వుండాల్సింది ఆడవాళ్ళేనన్న పాత పాట ఇక్కడా పాడటం నాకిష్టం లేదు. పదిమంది స్త్రీలకు పది సెట్టింగులు నేర్పేకన్నా మన సైటులోంచి ఒక పిక్సెల్ తీసేయడం ఎక్కువ పనిచేస్తుంది.

కాబట్టి మీ సైటు తయారుచేసినవాళ్ళను నాలుగు ప్రశ్నలు అడగండి. ఫేస్‌బుక్ పిక్సెల్ వుందా? లెక్కల కోసం గూగుల్ అనలిటిక్స్ పెట్టారా, దానితో మనం చేస్తున్నదేమిటి? షేర్ బటన్లు మామూలు లింకులా, లేక ఆ కంపెనీ నుంచి వచ్చేవా? యూట్యూబ్ వీడియో పెట్టేటప్పుడు అందులోనే వున్న ప్రైవసీ పద్ధతి, నో-కుకీ చిరునామా, వాడారా? నిధులిచ్చేవాళ్ళు ఎంతమంది చూశారో లెక్క అడుగుతారని మీరంటారు. లెక్క ఇవ్వవచ్చు. ఎన్నిసార్లు తెరిచారో మన సర్వరే చెబుతుంది, దానికి ఎవరెవరు వచ్చారో బయటి కంపెనీకి చెప్పనక్కర్లేదు. సాయం కోరే పేజీలో మాత్రం వీటిలో ఏదీ వుండకూడదు. ఈ మాటలో నేను రాజీపడను.

టీ తర్వాత మీమీ సంస్థల సైట్లు ఒక్కొక్కటీ ఈ కంప్యూటర్లో తెరుద్దాం. ఫైర్‌ఫాక్స్‌లో చిరునామా పక్కనున్న డాలు గుర్తు నొక్కితే ఎవరెవరిని ఆపిందో పేర్లతో సహా చూపిస్తుంది. పేర్లు రాసుకోవడానికి కాగితం, పెన్ను తెచ్చుకోండి.