పాత కారు కదలనిచో



అర్ధరాత్రి ప్రసవవేదన పడు తల్లిని ఆసుపత్రికి చేర్చుటకు ఊరి పాత మారుతి 800 కారు స్టార్టు కాకున్నచో, ముందు 108కు ఫోను చేయుడు. మాటిమాటికి తాళము త్రిప్పకుడు, బ్యాటరీ నీరసించును.

కార్బురేటరు గల పాత ఇంజనులో పెట్రోలు ఉన్నదని చూచుకొని, గేరును న్యూట్రలునందుంచి, డిస్ట్రిబ్యూటరు మూత తీయుడు. తీగలను తాకక, ఒకరిచే తాళము త్రిప్పించి, లోపలి రోటరును గమనింపుడు. ఇంజను తిరుగుచున్నను రోటరు కదలనిచో టైమింగు బెల్టు తెగియుండవచ్చును. ఇక త్రిప్పక మెకానికును పిలువవలెను. రోటరు తిరిగినచో లోపము ఇగ్నిషనునందు వెదకదగును: తాళము తీసివేసి, మూతలోని తడిని తుడిచి, మూడు ప్లగ్గుల మసిని శుభ్రపరుపుడు. అప్పటికిని పలుకనిచో బెల్టు పండ్లు జారియుండవచ్చును; గుర్తులు సరిచూచుట మెకానికు పని.

బెల్టు చెప్పి తెగదు. మార్చిన తేదీని, కిలోమీటర్లను పుస్తకమున వ్రాసి, గడువు దాటక మార్పింపుడు.